స్క్రీన్ మూలన ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అని పదే పదే వస్తోంది. నిజంగా వైరస్ చేరినట్టేనా?

చాలాసార్లు కాదు, అది ఏదో వెబ్‌సైట్ మీ బ్రౌజర్ ద్వారా పంపుతున్న నోటిఫికేషన్ మాత్రమే. ఎప్పుడో ఒకసారి ఆ సైట్‌కి ‘అలో’ నొక్కి ఉంటారు. ఆ అనుమతి ఉన్నంతకాలం, సైట్ మూసేసినా బ్రౌజర్ నడుస్తుంటే చాలు, అది విండోస్‌లో కుడివైపు కింద సందేశాలు చూపించగలదు.

ఉదాహరణకి, ఉచితంగా సినిమాలు చూపించే సైట్ ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అంటుంది. అసలు రోబో పరీక్షకి ఆ బటన్‌తో పనే లేదు. నొక్కితే ఇక మొదలు: ‘మీ యాంటీవైరస్ గడువు ముగిసింది’, పక్కన మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ లోగో. సరిగ్గా చూస్తే అదే పెట్టెలో గూగుల్ క్రోమ్ పేరు, ఓ ముక్కూమొహం తెలియని సైట్ చిరునామా కనిపిస్తాయి.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి, ఆ సైట్‌ని తీసేయండి లేదా బ్లాక్ చేయండి.

స్కాన్‌లో ఏమీ దొరక్కపోతే వైరస్ దాక్కుందని చాలామంది టెన్షన్ పడి కంప్యూటర్ ఫార్మాట్ చేయిస్తారు. దొరకడానికి అక్కడ ఫైలే లేదు, ఉన్నది అనుమతి. మామూలు వెబ్‌పేజీకి మీ హార్డ్‌డిస్క్‌ని స్కాన్ చేసే వీలు కూడా లేదు. అయితే మీ హోమ్‌పేజీ, సెర్చ్ ఇంజిన్ వాటంతటవే మారుతుంటే విషయం వేరు: అప్పుడు బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రాములు) తీసేసి, విండోస్‌లోనే ఉండే విండోస్ సెక్యూరిటీతో ఫుల్ స్కాన్ చేయండి.