కాలేజీ మారితే ఆట ఆగుతుందా?

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఆడే అమెరికన్ ఆట అని, మన ఊళ్ళలో పిల్లలు కాలితో తన్ని ఆడే ఆట కాదని కొత్త పాఠకులు గమనించగలరు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఒక డివిజన్ వన్ (కళాశాలల క్రీడల్లో పై శ్రేణి) విశ్వవిద్యాలయ జట్టులో కిక్కర్ (బంతిని తన్నే ఆటగాడు). స్కాలర్‌షిప్ లేదు. మొదటి ఏడాది మూడు ఆటల్లో దిగాడు, రెండో ఏడాది సీజనంతా ఆడాడు. ఇప్పుడు వేరే కళాశాలకు మారతానంటున్నాడు. మారితే ఒక ఏడాది బెంచీ మీద కూర్చోవాలా? మినహాయింపు కోసం అర్జీ పెట్టుకోవాలా? (ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి)

జవాబు: రెండూ అక్కరలేదు. మీరు విన్న నిబంధన పాతది. డివిజన్ వన్‌లోని పెద్ద జట్ల మధ్య మారిన ఫుట్‌బాల్ ఆటగాడు, అప్పటికే పట్టభద్రుడై ఉంటే తప్ప, కొత్త చోట ఒక ఏడాది ఆడకుండా ఉండాలన్నది చాలాకాలం అమలులో ఉన్న పద్ధతి. కళాశాలల క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ సంస్థ 2021 ఏప్రిల్‌లో ఒక్కసారి మారడానికి స్వేచ్ఛ ఇచ్చింది. రెండోసారి మారేవారికి మాత్రం మినహాయింపు తప్పనిసరిగా ఉండేది. ఆ షరతు పోటీని అణచివేస్తోందంటూ ఒహాయోతో సహా ఏడు రాష్ట్రాలు 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళగా, న్యాయమూర్తి వారం తిరగకుండానే దాని అమలును నిలిపివేశారు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ తానే నిబంధన మార్చుకుంది. ఇప్పుడు చదువులో అర్హత ఉన్న ఆటగాడు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు.

అయితే ఆ "చదువులో అర్హత" అన్న మాట దగ్గరే మన తల్లిదండ్రులు ఆగి లెక్క వేసుకోవాలి. మూడో ఏడాదిలో అడుగుపెట్టే ఆటగాడు తన డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే మీ అబ్బాయికి ఇప్పుడు కావలసినవి 48. రెండేళ్ళలో 60 సంపాదించాను, భయం లేదని అతను అనుకోవచ్చు. కానీ కొత్త కళాశాల అందులో 42 మాత్రమే తన ఇంజనీరింగ్ డిగ్రీకి పనికివస్తాయని తేల్చిందంటే ఆరు తక్కువ పడతాయి, మైదానంలోకి దిగే అర్హత పోతుంది. కోచ్ ఎంత కావాలనుకున్నా ఇది అతని చేతిలో ఉండదు. అందువల్ల ఏ క్రెడిట్లు చెల్లుతాయో కొత్త కళాశాల రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కాగితం మీద తెప్పించుకోకుండా ముందుకు వెళ్ళవద్దని నా సలహా.

ఇక ఆడే కాలం సంగతి. ఆటగాడికి ఐదేళ్ళ గడువు, అందులో నాలుగు సీజన్లు. ఫుట్‌బాల్‌లో నాలుగు ఆటలకు మించి దిగకపోతే ఆ సీజన్ ఖర్చయినట్టు కాదు. 2018 నుంచి ఇదే నియమం, దీనినే రెడ్‌షర్ట్ అంటారు. మీ అబ్బాయి మొదటి ఏడాది మూడు ఆటలే ఆడాడు కాబట్టి అది లెక్కలోకి రాదు. అతనికి మిగిలినవి మూడు సీజన్లు, గడువులోనూ మూడేళ్ళే ఉన్నాయి. అంటే ఇకపై ఒక్క ఏడాది పోయినా తిరిగి రాదు. సీజన్ మొదటి సగంలోనే గాయపడి, 30 శాతానికి మించి ఆటలు ఆడకపోతే వైద్య కారణాల మీద ఆ సీజన్‌ను వెనక్కి అడగవచ్చు. కానీ గడువునే పొడిగించాలంటే, సాధారణంగా తన చేతిలో లేని కారణాల వల్ల రెండు సీజన్లు పోయినట్టు చూపాలి. అటువంటి గాయాల పరంపర వల్లనే 2016లో ఒరెగాన్‌లో చేరిన కామ్ మెకార్మిక్ 2024లో మయామీ తరఫున తొమ్మిదో ఏడు ఆడాడు. మన ఇళ్ళలో అన్నేళ్ళకు ఎంబీబీఎస్, పీజీ రెండూ అయిపోతాయి.

కళాశాల మారదలచిన ఆటగాళ్ళ పేర్లు ఎక్కే పోర్టల్ గురించి కూడా ఒక మాట. అది అందరూ చూసే వెబ్‌సైటు కాదు, కళాశాలల సిబ్బందికి మాత్రమే కనిపించే జాబితా. ఆటగాడు వ్రాతపూర్వకంగా అడిగితే రెండు పనిదినాల్లో పాత కళాశాల అతని పేరు అందులో ఎక్కించాలి. అప్పటిదాకా ఇతర జట్ల కోచ్‌లు అతనితో మాట్లాడకూడదు. పేరు ఎక్కడానికి గడువు తేదీలు ఉంటాయి. 2026లో జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కటే గవాక్షం పెట్టి, వసంతకాలపు రెండో గవాక్షాన్ని ఎత్తివేశారు. పేరు ఎక్కినంత మాత్రాన కొత్త జట్టు దొరుకుతుందని లేదు, పాత జట్టు తిరిగి తీసుకోవాలనీ లేదు. పైగా 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, ఆటగాళ్ళతో ఆదాయం పంచుకునే కళాశాలల జట్లలో 105 మందికి మించి ఉండరాదు. ఈ కోత ముందుగా తగిలేది స్కాలర్‌షిప్ లేని మీ అబ్బాయి వంటివారికే.

ప్రశ్న: ఒకే ఏడాది, ఒకే కళాశాల నుంచి బయటికి వచ్చిన ఇద్దరిలో ఒకరికి మినహాయింపు ఇచ్చి మరొకరికి నిరాకరించారని చదివాను. అది న్యాయమేనా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెబుతున్నది 2019 నాటి విషయం. జార్జియా విశ్వవిద్యాలయం నుంచి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) జస్టిన్ ఫీల్డ్స్ ఒహాయో స్టేట్‌కు, టైట్ ఎండ్ స్థానంలో ఆడే ల్యూక్ ఫోర్డ్ ఇల్లినాయ్‌కి మారారు. ఫీల్డ్స్ జార్జియాలో ఉండగా, అదే కళాశాల బేస్‌బాల్ ఆటగాడొకడు ప్రేక్షకుల్లో కూర్చుని అతనిని జాతి పేరుతో దూషించాడు. ఫీల్డ్స్‌కు ఫిబ్రవరిలో మినహాయింపు వచ్చింది, ఆ సీజన్‌లో 41 టచ్‌డౌన్ పాస్‌లు (జట్టుకు స్కోరు తెచ్చే పాస్‌లు) విసిరాడు. ఫోర్డ్ తన ఆరోగ్యం బాగాలేని తాతగారికి దగ్గరగా ఉండాలని సొంత రాష్ట్రానికి తిరిగి వచ్చాడు. అతనికి నిరాకరించారు. కళాశాల ఇంటికి నూరు మైళ్ళ లోపల లేదు, తాత కుటుంబంలోని దగ్గరి వ్యక్తుల కిందికి రాడు అన్నవి అప్పట్లో బయటికి వచ్చిన కారణాలు. తాతయ్య ఒడిలో పెరిగిన పిల్లలు ఇంటింటా ఉన్న మనకు ఈ రెండో కారణం మింగుడుపడదు.

ఫీల్డ్స్‌కు ఇవ్వకూడదని నేను అనను. తప్పు నిర్ణయంలో కన్నా పద్ధతిలో ఎక్కువ ఉంది. ఆటగాడి ఆరోగ్యాన్ని, భద్రతను, క్షేమాన్ని నేరుగా దెబ్బతీసిన, అతని అదుపులో లేని పరిస్థితి ఉంటే మినహాయింపు ఇవ్వవచ్చునని 2018లో రాసుకున్నారు. ఆ మాటల్లో ఎవరి బాధనైనా పట్టించవచ్చు, ఎవరి బాధనైనా వదిలేయవచ్చు. అర్జీలు పెరిగేసరికి మరుసటి ఏడాదే నియమాలు బిగించారు. పిల్లవాడు తన ఇంటి కష్టాలను వైద్యుల కాగితాలతో సహా ఒక కమిటీ ముందు పరచాలి, కమిటీ కారణం వివరంగా చెప్పకుండానే కాదనవచ్చు. మన ఆఫీసుల్లో కారుణ్య కారణాల మీద బదిలీ కోసం తిరిగిన వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇదే కథ 2023లో నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయ వైడ్ రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) టెజ్ వాకర్ విషయంలో మళ్ళీ జరిగింది. అంతకు ముందు అతను చేరిన నార్త్ కరోలైనా సెంట్రల్‌లో కోవిడ్ వల్ల 2020 సీజనే రద్దయింది, ఒక్క ఆట కూడా ఆడలేదు. అక్కడి నుంచి కెంట్ స్టేట్‌కు, ఆ తరువాత నాయనమ్మకో అమ్మమ్మకో, మొత్తానికి జబ్బుపడిన ముసలామెకు దగ్గరగా ఉండాలని సొంత రాష్ట్రానికి వచ్చాడు. రెండోసారి మారాడని సంస్థ కాదంది. కోచ్ మాక్ బ్రౌన్ బహిరంగంగానే మండిపడ్డారు. వాకర్ నాలుగు ఆటలు పోగొట్టుకున్నాక, అక్టోబరు మొదటి వారంలో, కొత్త సమాచారం వచ్చిందంటూ సంస్థ నిర్ణయం మార్చుకుంది. ఆ నాలుగు ఆటలను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. రెండు నెలలకు రాష్ట్రాలు కోర్టుకెక్కినప్పుడు సంస్థ పక్షాన సానుభూతి పెద్దగా కనిపించకపోవడానికి ఇటువంటి కేసులూ ఒక కారణమని నా అభిప్రాయం.

ప్రశ్న: జూనియర్ కాలేజీలో ఆడిన ఏళ్ళు లెక్కలోకి వస్తాయా? డియేగో పావియా అనే ఆటగాడు కోర్టులో గెలిచాడంటున్నారు. (హైదరాబాదు విద్యార్థిని)

జవాబు: నియమం ప్రకారం వస్తాయి. ఇక్కడ జూనియర్ కాలేజీ అంటే మన ఇంటర్ కాదు, ఆ తరువాత రెండేళ్ళు చదివే అమెరికా కళాశాల. ఏ కళాశాలలో పూర్తికాల విద్యార్థిగా చేరినా ఐదేళ్ళ గడియారం ఆ రోజే మొదలవుతుంది. పావియా న్యూ మెక్సికోలోని ఒక సైనిక జూనియర్ కళాశాలలో రెండేళ్ళు, న్యూ మెక్సికో స్టేట్‌లో రెండేళ్ళు, 2024లో వాండర్‌బిల్ట్‌లో ఆడాడు. జూనియర్ కాలేజీ ఏళ్ళను లెక్కపెట్టడం పోటీ చట్టానికి విరుద్ధమని దావా వేయగా, టెనెసీలోని ఫెడరల్ న్యాయమూర్తి 2024 డిసెంబరు 18న అతనికి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. ఎన్‌సీఏఏ అదే పరిస్థితిలో ఉన్నవారందరికీ 2025-26కు ఒక ఏడాది మినహాయింపు ప్రకటించింది. పావియా ఆ సీజన్‌లో వాండర్‌బిల్ట్‌ను చరిత్రలో తొలిసారి పది విజయాలకు చేర్చి, ఆ ఏటి మేటి కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు.

కానీ దీనిని తుది గెలుపు అనుకోవద్దు. ఆ ఉత్తర్వు మీద ఎన్‌సీఏఏ వేసిన అప్పీలులో పై కోర్టు అసలు ప్రశ్నను తేల్చనే లేదు; మినహాయింపు వచ్చింది గనుక వివాదం మిగలలేదని ముగించింది. రెండో డివిజన్ కళాశాల నుంచి విస్కాన్సిన్‌కు వచ్చి ఇటువంటి దావాయే వేసిన నైజియర్ ఫోర్కురియన్‌కు కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వును 2025 జులైలో అప్పీలు కోర్టు కొట్టివేసింది. ఒక న్యాయమూర్తి గడపలో చెల్లిన వాదన మరొకరి గడపలో చెల్లడం లేదు. ఇప్పుడు మినహాయింపు ఇచ్చే కమిటీ స్థానంలోకి కోర్టులు వచ్చాయి, తేడా అంతే. లాయరు ఫీజు భరించగలవారికి మరో సీజన్ దొరికే అవకాశం ఎక్కువ కావడం నాకు నచ్చడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద ఉన్నాడు. కొత్త కళాశాల స్కాలర్‌షిప్‌తో పాటు డబ్బు కూడా ఇస్తామంటోంది. తీసుకోవచ్చా? (న్యూజెర్సీ నుంచి ఒక తల్లి)

జవాబు: స్కాలర్‌షిప్ తీసుకుని చదువుకోవచ్చు, ఆడవచ్చు. డబ్బు సంగతి వేరు. పేరు, రూపం వాడుకున్నందుకు ప్రకటనదారులు ఇచ్చే సొమ్మైనా, 2025 నుంచి కళాశాలలు నేరుగా పంచుతున్న వాటా అయినా, పనికి ప్రతిఫలంగా చూడబడే ప్రమాదం ఉంది. ఉద్యోగ అనుమతి పత్రం లేని మీ అబ్బాయికి పని చేసే హక్కు లేదు. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారినా చిక్కు తీరదు. ఇది వలస చట్టం, కాబట్టి ఎన్‌సీఏఏ ఇచ్చే ఏ మినహాయింపూ దీనిని తాకలేదు. మరొకటి: అతనికి 21 ఏళ్ళు నిండితే హెచ్-4 ఉండదు, ఎఫ్-1లోకి మారాలి. ఆ తరువాత కళాశాల మారినప్పుడల్లా పోర్టల్‌తో పాటు సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల గురించి ప్రభుత్వం ఉంచే వివరాలు) కూడా మారి, కొత్త ఐ-20 (కళాశాల ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) రావాలి. ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టక ముందే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. జట్టు కోచ్ "ఏమీ కాదు" అని చెప్పిన మాట వీసా అధికారి ముందు పనికిరాదు.