రేసు కార్ల ఫ్యాక్టరీలన్నీ ఒకే చోట ఎందుకు?

ప్రశ్న: ఫార్ములా వన్ జట్లు చాలావరకు ఇంగ్లండ్‌లోనే, అదీ సిల్వర్‌స్టోన్ రేస్ ట్రాక్ చుట్టుపక్కలే ఉన్నాయి. డబ్బుంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చు కదా?

జవాబు: పెట్టుకోవచ్చు. టొయోటా జర్మనీలోని కొలోన్‌లో పెట్టింది. 2002 నుంచి 2009 దాకా 139 రేసుల్లో దిగి ఒక్కటీ గెలవలేదు. ఓటమికి ఊరొక్కటే కారణం కాదు గానీ, డబ్బుకు మాత్రం లోటు లేదు.

ఇంగ్లండే ఎందుకంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఖాళీ పడ్డ వైమానిక స్థావరాలు అక్కడ ట్రాకులయ్యాయి, సిల్వర్‌స్టోన్ అలా వచ్చిందే. అసలు మలుపు మాత్రం 1967లో వచ్చిన కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజిన్. నార్తాంప్టన్‌లో తయారైన ఆ ఇంజిన్‌ను మరుసటి ఏడాది నుంచి ఇతర జట్లకూ అమ్మారు. మెయిడెన్‌హెడ్ నుంచి హ్యూలాండ్ గేర్‌బాక్స్ తెచ్చి దానికి బిగిస్తే, ఇక ఛాసిస్ (కారు చట్రం) ఒక్కటి సొంతంగా చేసుకుంటే సరిపోయేది. చిన్న షెడ్డున్నవాడు కూడా జట్టు పెట్టాడు.

ఆ షెడ్లలో పని నేర్చినవాళ్లు ఇల్లు మారకుండా ఉద్యోగం మారగలరు. సిల్వర్‌స్టోన్ దగ్గరి బ్రాక్లీలో ఒక ఫ్యాక్టరీ బోర్డు మీద జట్టు పేరు బార్, హోండా, బ్రాన్, మెర్సిడెస్ అని మారుతూ వచ్చింది, పనివాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు. కార్ల డిజైనర్ జాన్ బర్నార్డ్ ఇటలీ రానంటే, 1980ల చివర్లో ఇటలీ జట్టు ఫెరారీయే ఆయన కోసం ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో డిజైన్ ఆఫీసు తెరిచింది!

ప్రశ్న: విడిభాగాలు కొరియర్‌లో తెప్పించుకుంటే సరిపోదా?

జవాబు: నట్లూ బేరింగులూ అయితే సరిపోతుంది. కారును నేలకు అదిమే కార్బన్ ఫైబర్ రెక్క సంగతి వేరు. రెజిన్ (జిగురు) పట్టించిన కార్బన్ గుడ్డను మైనస్ 18 డిగ్రీల దగ్గర ఫ్రీజర్‌లో దాస్తారు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు. తొందరపడితే చల్లటి గుడ్డ మీద తేమ పడుతుంది, అది ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో వేడిచేసే పొయ్యిలో) ఆవిరై పొరల మధ్య బుడగలు మిగులుస్తుంది. అల్ట్రాసోనిక్ పరీక్షలో బుడగలు కనబడితే ఆ భాగం చెత్తబుట్టకే. తప్పు మౌల్డుదైతే (అచ్చుదైతే) దాన్ని మళ్లీ చెక్కించాలి. మౌల్డు చెక్కేవాడు, పరీక్షించేవాడు గంట దూరంలో ఉంటే వచ్చే రేసుకి భాగం అందుతుంది. మూడు రోజుల దూరమైతే అందదు.

ప్రశ్న: మంచి ట్రాక్ కడితే పరిశ్రమ దానంతటదే రాదా?

జవాబు: రాదు. మలేషియాలోని సెపాంగ్‌లో 1999 నుంచి 2017 దాకా ఏటా ఫార్ములా వన్ రేసు జరిగింది, ఒక్క జట్టు కూడా ఫ్యాక్టరీని అక్కడికి మార్చలేదు. వర్క్‌షాపుకు ఏడాది పొడుగునా ఆర్డర్లుండాలి. అమెరికాలో నాస్కార్ అనే కారు రేసుల జట్లు షార్లెట్ నగరం చుట్టూ గుమిగూడాయి, వాటికి సీజన్‌లో పాయింట్ల రేసులే 36.