మీ ప్రశ్నలు, మా జవాబులు: కొత్త ఇండీ పాటలు ఎక్కడ వెతకాలి?

ఈ నెల గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పాటల గురించే. సినిమా పాటలు కాదండోయ్, సొంతంగా రాసుకుని, గిటార్ పట్టుకుని పాడుకునే ఇండీ ఫోక్, ఇండీ పాప్ గురించి. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి జరిపేశాం, ఏమనుకోవద్దు.

*టేలర్ స్విఫ్ట్ 'ఫోక్‌లోర్' విన్న దగ్గర్నుంచి అలాంటి పాటలే వినాలనిపిస్తోంది. యాప్ చూస్తే తిప్పి తిప్పి అవే పాటలు పెడుతోంది. కొత్తగా వచ్చినవి ఎలా తెలుస్తాయి?*
— డిగ్రీ విద్యార్థిని, భీమవరం

యాప్ మీ గురించి ముఖ్యంగా చూసేది, మీరు ఏ పాట చివరిదాకా విన్నారు, దేన్ని మధ్యలో దాటేశారు అని. కాబట్టి నచ్చిందాన్నే మళ్లీ మళ్లీ వడ్డిస్తుంది. దాన్ని తిట్టుకుని లాభం లేదుగానీ, పాట పక్కన మూడు చుక్కలుంటాయి చూడండి, అవి నొక్కితే క్రెడిట్స్ వస్తాయి. ఎవరు రాశారు, ఎవరు ప్రొడ్యూస్ చేశారు (అంటే డబ్బు పెట్టడం కాదు, రికార్డింగ్‌ని దగ్గరుండి తీర్చిదిద్దడం), ఏ కంపెనీ విడుదల చేసింది, అన్నీ అక్కడే ఉంటాయి. నూటికి తొంభై మంది అది తెరవనే తెరవరని నా అనుమానం.

మీ 'ఫోక్‌లోర్'తోనే మొదలుపెడదాం. 2020 జులైలో వచ్చింది కదా. అందులో ఎక్కువ పాటల కింద ఆరన్ డెస్నర్ అనే పేరు కనిపిస్తుంది, 'ద నేషనల్' బ్యాండ్ మనిషి. ఆ పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే 2012లో షారన్ వాన్ ఎటెన్ చేసిన 'ట్రాంప్' ఆల్బమ్ దొరుకుతుంది, దాని ప్రొడ్యూసర్ ఈయనే. ముందుకొస్తే 2023లో గ్రేసీ ఏబ్రమ్స్ 'గుడ్ రిడెన్స్', అదీ ఈయనతో కలిసి చేసిందే. ఇక 'ఫోక్‌లోర్'లోనే 'ఎగ్జైల్' పాటలో బరువుగా ఒక మగ గొంతు ఉంది కదా, ఆయన జస్టిన్ వెర్నన్, 'బాన్ ఐవేర్' పేరుతో పాడతాడు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, అడవిలో వాళ్ల నాన్నగారి వేట గుడిసె, ఒక చలికాలమంతా అందులో ఒంటరిగా కూర్చుని చేసిన పాటల్ని 2007లో తనే కొన్ని కాపీలు వేయించుకున్నాడు. మరుసటేడు జాగ్‌జాగ్వార్ అనే చిన్న లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, దాన్ని అందరికీ అందించింది. షారన్ 'ట్రాంప్' విడుదల చేసింది కూడా ఆ లేబులే! డెస్నర్, వెర్నన్ ఇద్దరూ కలిసి 'బిగ్ రెడ్ మెషీన్' అని ఇంకో బ్యాండ్ నడిపారు, అది వేరే కథ. చూశారా, ఒక్క ఆల్బమ్ క్రెడిట్స్ చదివితే నెల రోజులకి సరిపడా పాటలు.

గాయకుల కన్నా లేబుల్స్‌ని ఫాలో అవ్వడం మంచిదని నా అభిప్రాయం. చిన్న లేబుల్ అంటే ఇద్దరు ముగ్గురు మనుషుల అభిరుచి, వాళ్లకి నచ్చింది మీకు ఒకసారి నచ్చితే రెండోసారీ నచ్చుతుంది. సియాటిల్‌లో సబ్ పాప్ ఉంది, 2008లో ఫ్లీట్ ఫాక్సెస్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ అక్కడిదే. ఒమాహాలో శాడిల్ క్రీక్ ఉంది, బిగ్ థీఫ్ బ్యాండ్ మొదటి రెండు ఆల్బమ్‌లు వాళ్లవి. బిగ్ థీఫ్ ఇంకా వినకపోతే ఇవాళే వినండి, మిగతా జవాబులు తర్వాత చదువుకోవచ్చు.

రోజు సంగతి కూడా చెప్పాలి. 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలు శుక్రవారమే విడుదలవుతున్నాయి, అంతకుముందు ఒక్కో దేశానిది ఒక్కో రోజు. స్పాటిఫైలో 'రిలీజ్ రాడార్' అనే లిస్టు కూడా శుక్రవారమే మారుతుంది. మీరు ఫాలో నొక్కినవాళ్ల కొత్త పాటలు అందులో వచ్చి పడతాయి, కాబట్టి లైక్ కొట్టి ఊరుకోకుండా ఫాలో కూడా నొక్కండి. సోమవారం వచ్చే 'డిస్కవర్ వీక్లీ'లో పాతవీ కలుస్తాయి, కొత్తవాటి కోసమైతే దాని మీద ఆశ పెట్టుకోకండి.

*రిటైరైన తెలుగు మాస్టారిని. విజయవాడ రేడియోలో లలిత గీతాలు వింటూ పెరిగాను. మొన్న మా మనవడు తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. బాగానే ఉంది! నా వయసు వాడికి నప్పేవి చెప్తారా?*
— ఒక పాఠకుడు, పాలకొల్లు

మాస్టారూ, మీకు ఈ పాటలు కొత్తేమీ కాదు. మీ పక్కనున్న నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడేవారు కదా. ఇప్పటి ఇండీ పిల్లలు చేస్తున్నదీ అదే, కాకపోతే రేడియో స్టేషన్ బదులు పడగ్గదిలో రికార్డు చేస్తున్నారు. రేడియోలో పాటకి ముందు రచన ఫలానా, సంగీతం ఫలానా అని చెప్పేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. యాప్ అలా చెప్పదు, మనమే తెరిచి చూసుకోవాలి. మనవడి చేత చూపించుకోండి, అర నిమిషం పని.

మీకైతే నిక్ డ్రేక్‌తో మొదలుపెట్టమంటాను. ఇంగ్లండ్ కుర్రాడు, బతికుండగా మూడే ఆల్బమ్‌లు, ఒక్కటీ పెద్దగా అమ్ముడుపోలేదు, 1974లో 26 ఏళ్లకే పోయాడు. ఇవాళ ఇండీ ఫోక్ పాడే సగం మంది ఆయన చలవే. 1972 నాటి 'పింక్ మూన్' వినండి, దాదాపు అంతా గిటారూ గొంతే, ఒక్కచోట కాస్త పియానో, అరగంట కూడా ఉండదు. మనవాళ్లలో అయితే ప్రతీక్ కుహాడ్, జైపూర్‌లో పుట్టినవాడు, ఇంగ్లిషులోనూ హిందీలోనూ పాడతాడు. అతని 'కోల్డ్/మెస్' పాటని 2019 చివర్లో ఒబామా తనకి నచ్చిన పాటల జాబితాలో పెట్టాక అందరికీ తెలిశాడు. నాకైతే హిందీవే ఎక్కువ నచ్చుతాయి.

*రాత్రుళ్లు రొయ్యల చెరువు దగ్గర కాపలా. ఇలాంటి పాటలు విందామంటే గట్టు మీద సిగ్నల్ ఉండదు, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల హోరులో గొంతు వినపడదు. ఏం చేయమంటారు?*
— ఆక్వా రైతు కొడుకు, కాళ్ళ మండలం

తమ్ముడూ, ఏరియేటర్ల పక్కన నిక్ డ్రేక్ వింటే పెదాలు కదుపుతున్నట్టే ఉంటుంది, అది నీకొద్దు. నలుగురైదుగురు కలిసి గొంతెత్తి పాడేవి పెట్టుకో. ఫ్లీట్ ఫాక్సెస్ అందుకు సరిగ్గా సరిపోతారు. కొచ్చి బ్యాండ్ 'వెన్ చాయ్ మెట్ టోస్ట్' కూడా బాగుంటుంది, వాళ్ల బ్యాంజో ఎంత హోరులోనైనా వినిపిస్తుంది. రెండు చెవుల్లోనూ ఫుల్ సౌండ్ పెట్టేసి మాత్రం కూర్చోకు. కరెంటు పోయి ఏరియేటర్ ఆగితే ముందు నీకే తెలియాలి కదా, తర్వాత రొయ్యలు తేలాక ఏ పాటా ఎక్కదు.

సిగ్నల్ సంగతికొస్తే, ఇంటి దగ్గర వైఫైలో దించుకుని వెళ్లు. ఉచిత ఖాతాల్లో దించుకోవడం మామూలుగా కుదరదు. బ్యాండ్‌క్యాంప్ అని, పాడేవాళ్లే తమ పాటలు అమ్ముకునే వెబ్‌సైట్ ఉంది, అందులో కొనుక్కుంటే పాట ఫైలే నీ చేతికొస్తుంది, ఫోన్‌లో ఎప్పటికీ ఉంటుంది. 40 నిమిషాల ఆల్బమ్ మంచి ఎంపీత్రీలో 100 ఎంబీ లోపే. ఫ్లాక్ అని ఇంకా పెద్ద ఫైలు కూడా ఇస్తారు, చెరువు గట్టు మీద ఆ తేడా ఎవరికీ తెలీదు.

ఈ హోరు మీద ఇంకో సంగతి. అమెరికాలో ఎన్పీఆర్ రేడియోలో పనిచేసిన బాబ్ బోయిలెన్, ఆయన సహోద్యోగి స్టీఫెన్ థాంప్సన్ ఒక బార్‌కి లారా గిబ్సన్ అనే గాయని పాట వినడానికి వెళ్తే, జనం గోలలో ఆమె గొంతే వినపడలేదట. 'మా ఆఫీసుకొచ్చి బాబ్ బల్ల దగ్గర పాడమ్మా' అన్నారు థాంప్సన్ సరదాకి. ఆమె నిజంగానే వచ్చి పాడింది. 2008లో 'టైనీ డెస్క్' కచేరీలు మొదలైంది అలాగే. ఇప్పుడు యూట్యూబ్‌లో వందల కొద్దీ ఉన్నాయి. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని వాళ్ల కోసం వాళ్లు ఒక పోటీ పెడతారు, దానికొచ్చిన వీడియోలన్నీ ఎవరైనా చూడొచ్చు. పేరులేని కొత్త గొంతులు అక్కడ దొరికినన్ని ఇంకెక్కడా దొరకవు, ఓపిక మాత్రం కావాలి, పదిలో ఎనిమిది దాటేయాల్సిందే.

*తెలుగులో ఇండీ అనేది ఉందా? వెతికితే సినిమా పాటల లోఫై వెర్షన్లే (అవే పాటలు నెమ్మదిగా, మెత్తగా మార్చినవి) వస్తున్నాయి.*
— స్టాఫ్ నర్సు, అమలాపురం

ఉందండి, కానీ సినిమా నీడలో ఉంది. 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాట విన్నారు కదా, అది పాడిన రామ్ మిరియాల అంతకుముందు హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా'లో ఉన్నారు. వాళ్ల 'ఊరెళ్ళిపోతా మామా' వినండి, మన పల్లె బాణీ, మన మాట, పైన గిటార్లు. హైదరాబాద్‌దే 'కాప్రిషియో' అని ఇంకో బ్యాండ్ కూడా ఉంది. మీకు నచ్చిన సినిమా పాట ఎవరు పాడారో చూసి, ఆ మనిషి పేజీలో సినిమా కాని పాటలేమున్నాయో వెతకండి. 'తెలుగు ఇండీ' అని కొట్టి వెతికేకన్నా ఇది మేలు.

సిద్ శ్రీరామ్‌ని తీసుకోండి. అందరికీ సినిమా గొంతే తెలుసు. 2023లో ఆయన 'సిద్ధార్థ్' అని ఇంగ్లిష్ ఆల్బమ్ చేశారు, ప్రొడ్యూసర్ మినియాపొలిస్‌కి చెందిన ర్యాన్ ఓల్సన్. ఈ ఓల్సన్ పెట్టిన 'గేంగ్స్' అనే బృందంలో ఎవరు పాడారో తెలుసా? భీమవరం అమ్మాయికి చెప్పిన జస్టిన్ వెర్నన్! మన సినిమా పాట దగ్గర బయల్దేరినా విస్కాన్సిన్ గుడిసె దాకా వెళ్లొచ్చన్నమాట.

లోఫై లిస్టుల గురించి ఒక హెచ్చరిక. పాడినవాళ్ల పేరు ఎప్పుడూ విననిది, క్రెడిట్స్‌లో రచయితా ప్రొడ్యూసరూ ఎవరూ లేరు, ఫొటో లేదు, ఎక్కడివాళ్లో తెలీదు, అయినా వారానికో ఆల్బమ్ వస్తోంది అనుకోండి, నేనైతే దాటేస్తాను.

*నెలకి ఐదొందలు పాటల మీద పెట్టగలను. పాడినవాళ్లకి ఎక్కువ వెళ్లాలంటే ఎలా?*
— బ్యాంకు ఉద్యోగి, తణుకు

బ్యాండ్‌క్యాంప్‌లో కొనండి. డిజిటల్ అమ్మకం మీద వాళ్లు 15 శాతం ఉంచుకుంటారు, చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది కళాకారులకో లేబుల్‌కో వెళ్తుంది. 2020లో కోవిడ్ మొదలైనప్పటి నుంచి ఏడాదిలో కొన్ని శుక్రవారాలు ఆ 15 శాతం కూడా వదిలేస్తున్నారు, ఆ రోజులు చూసి కొంటే ఇంకా మంచిది. మీ ఐదొందలకి నెలకో ఆల్బమ్ అటూఇటూగా వస్తుంది, ధర మీ ఇష్టం అని పెట్టేవాళ్లూ ఉంటారు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలని మీకు నేను చెప్పక్కర్లేదు.

స్ట్రీమింగ్‌లో వినొద్దనడం లేదు, వినడానికి అదే సుఖం. కానీ స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో కనీసం 1000 సార్లు ప్లే కాని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు. అంటే రాజోలులో కూర్చుని పాట పెట్టిన పిల్లకి మీరొక్కరూ రోజూ విన్నా పైసా ముట్టకపోవచ్చు.

*రాజోలులో ఇంట్లోనే ఫోన్‌తో రెండు పాటలు రికార్డు చేశాను. ఎవరికైనా దొరుకుతాయా?*
— ఇంటర్ విద్యార్థిని, రాజోలు

(పైన రాసింది నీ గురించి కాదమ్మా, నీ ఉత్తరం తర్వాత చూశాను!) డిస్ట్రిబ్యూటర్లని, మన పాటల్ని యాప్‌లకి చేర్చే కంపెనీలుంటాయి, వాటిలో ఏదైనా ఒకదాని ద్వారా అన్ని యాప్‌లలోకీ పంపొచ్చు, విడుదల తేదీ శుక్రవారం పెట్టు. స్పాటిఫైలో అయితే విడుదలకి కనీసం వారం ముందే వాళ్ల ఆర్టిస్టుల పేజీ నుంచి పాటని పంపాలి, అప్పుడే నిన్ను ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్‌లో కచ్చితంగా పడుతుంది. క్రెడిట్స్ పూర్తిగా నింపు, తబలా వాయించిన పక్కింటి అన్నయ్య పేరుతో సహా. బ్యాండ్‌క్యాంప్‌లో కూడా పెట్టి లింక్ మాకు పంపు. నాట్ల పాటలో పడవ పాటలో మీ అమ్మమ్మకి వస్తే వాటినీ రికార్డు చెయ్యి, అవి ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి ఆ పేరూ రాయి.