గిట్‌కేలో తోటివాళ్ల కమిట్లు కనిపించకపోతే

గిట్‌కే (కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ చరిత్రను బొమ్మగా చూపే ప్రోగ్రామ్) తెరిస్తే మీ కమిట్లే (భద్రపరిచిన మార్పులే) కనిపిస్తున్నాయి, టీమ్‌లో మిగతావాళ్ల బ్రాంచ్‌లు (విడిగా సాగే మార్పుల వరుసలు) ఏమయ్యాయి అన్నది మీ ప్రశ్న. అవి ఎక్కడికీ పోలేదు. గిట్‌కే మామూలుగా మీరు ప్రస్తుతం ఉన్న బ్రాంచ్ చరిత్రనే చూపిస్తుంది. ముందు గిట్ ఫెచ్ చేసి (సర్వర్‌లోని కొత్త కమిట్లను తెచ్చుకుని), తర్వాత టెర్మినల్‌లో గిట్‌కే పక్కన రెండు అడ్డగీతలు పెట్టి 'ఆల్' అని ఇచ్చి (gitk --all) తెరవండి. అన్ని బ్రాంచ్‌లూ రంగు గీతలుగా విడిపోతూ, కలుస్తూ కనిపిస్తాయి. ఒక కమిట్‌లోకి రెండు గీతలు వచ్చి చేరితే అది మర్జ్, అంటే బ్రాంచ్‌ల కలయిక.

పసుపు చుక్క మీరున్న చోటు. పైన ఎర్ర చుక్క ఉంటే ఇంకా స్టేజ్ చేయని (తర్వాతి కమిట్ కోసం ఎంచిపెట్టని) మార్పులున్నాయని, ఆకుపచ్చదైతే స్టేజ్ చేశారు గానీ కమిట్ చేయలేదని అర్థం. కొత్త కమిట్లు రాకపోతే ఎఫ్5 నొక్కండి.

నాకు బాగా అక్కరకొచ్చేది ఇంకొకటి: గిట్‌కే తర్వాత ఫైల్ పేరు ఇస్తే ఆ ఫైల్‌ను తాకిన కమిట్లే వస్తాయి. ఫలానా లైన్ ఎవరు తీసేశారో తెలియాలంటే, వెతుకులాట పెట్టెలో ఆ లైన్‌ను చేర్చిన లేదా తొలగించిన కమిట్ల కోసం వెతికే ఎంపిక ఉంది. వందల కమిట్లను కళ్లతో జల్లెడ పట్టే పని తప్పుతుంది.

ఉబుంటులో గిట్‌కేను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.