న్యూక్లియర్ ఎంటెక్ కోసం పొలం తాకట్టు ఎందుకు?

తమ్ముడూ, మెకానికల్ బీటెక్ అయింది, న్యూక్లియర్‌లో మాస్టర్స్ కోసం రణస్థలం పొలం తాకట్టు పెట్టి అమెరికా వెళ్లాలా అని అడిగావు. ముందు ఆ కాగితాలు మళ్లీ బీరువాలో పెట్టేయమను నాన్నగారిని. కొవ్వాడలో 1208 మెగావాట్ల అణు విద్యుత్ రియాక్టర్లు ఆరు వస్తాయన్న మాటను నమ్ముకుని చదువు ఎంచుకోకు. అది ఎప్పటికి లేస్తుందో!

గేట్ రాయి. మంచి స్కోరొస్తే ఐఐటీ కాన్పూర్‌లో న్యూక్లియర్ ఎంటెక్ ఉంది. నాకైతే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు ఇంజనీరింగ్ పట్టభద్రులకిచ్చే శిక్షణ, ఓసెస్ (OCES), నయం. ఏడాది శిక్షణ, ఎదురు స్టైపెండ్ ఇస్తారు, గట్టెక్కితే సైంటిఫిక్ ఆఫీసర్ ఉద్యోగం. తర్వాత ప్రాజెక్టు పూర్తిచేస్తే హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఎంటెక్ పట్టా కూడా వస్తుంది. బీటెక్‌లో 60 శాతం తప్పనిసరి, వయసు పరిమితి కూడా నోటిఫికేషన్‌లో చూసుకో.

ఇంటర్వ్యూలో మాత్రం బేసిక్సే తవ్వుతారు. హీట్ ట్రాన్స్‌ఫర్ వచ్చన్నావంటే బాయిలింగ్ కర్వ్, అంటే మరిగే నీళ్లలోకి ఉపరితలం వేడిని బట్టి ఎంత వేడి దిగుతుందో చూపే గ్రాఫ్, గీయగలగాలి. ఆ గ్రాఫ్‌లో క్రిటికల్ హీట్ ఫ్లక్స్ అనే హద్దు దాటితే రియాక్టర్ ఇంధన కడ్డీ చుట్టూ ఆవిరి పొర కమ్మేసి, నీళ్లలోకి వేడి సరిగా దిగదు, కడ్డీ ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ ముక్క తడబడకుండా చెప్పు.

ఇంకోటి, అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ కూడా గేట్ స్కోరుతో మెకానికల్ వాళ్లను తీసుకుంటుంది. దానికి ఎంటెక్ అక్కర్లేదు.