హార్బరు సన్నివేశం గురించి

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫిషింగ్ హార్బరు సన్నివేశాన్ని రెండుసార్లు చదివాను. తెల్లవారుజామున చేపల వేలంపాట సాగుతుండగా ఇద్దరు కిరాయి హంతకులు ఒక మనిషిని పొడిచి, శవాన్ని ఐసు పెట్టెలో దాచబోవడం మంచి ఊహ. అయితే నవ్వునంతా చనిపోయేవాడి నత్తి మీద, ఊడిపోయిన లుంగీ మీద పెట్టావు. తొలి రోజుల్లో నేనూ అలాంటి తన్నుల సన్నివేశమే రాశాను. థియేటరులో జనం విరగబడి నవ్వుతుంటే, నా పక్కన కూర్చున్న మా అమ్మ తల దించుకుంది.

చంపేవాడి తడబాటును నవ్వుకు ఆధారం చెయ్యి. 1994లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'పల్ప్ ఫిక్షన్'లో తుపాకి పొరపాటున పేలి, కారు వెనుక సీటులోని కుర్రవాడు చనిపోతాడు. హంతకులు ఆ కారును ఒక స్నేహితుడి ఇంటికి చేరుస్తారు. ఆ తరువాత అందరి ఆరాటమూ ఆ ఇంటి ఇల్లాలు డ్యూటీ నుంచి తిరిగి వచ్చేలోగా కారులోని రక్తం కడగడం గురించే. ఒక ప్రాణం పోయిన చోట తువ్వాలుకు మరక అంటిందని గొడవపడతారు. అక్కడ నవ్వు ఆగదు. కానీ ఆ కుర్రవాడిని కథ మరీ తేలికగా మరచిపోయిందన్న అసంతృప్తి నాకు నేటికీ ఉంది. రౌద్రం నుంచి కరుణ పుడుతుందని నాట్యశాస్త్రం చెబుతుంది. హత్య రాసేటప్పుడు ఆ కరుణకు చోటు ఉంచాలి.

నీ సన్నివేశంలోనే అందుకు వీలుంది. పెట్టె మోస్తున్న వాళ్ళను చేపలమ్మే ఆమె ఆపి, "ఏటి సేప బాబూ అది?" అని అడగనీ. చిన్నవాడు కంగారులో "వంజరం" అంటాడు. ఆమె ధర చెబుతుంది, వెనకనున్నవాడు ఇంకో వంద పెంచుతాడు, జనం మూగుతారు. అమ్మలేక, కాదనలేక ఇద్దరూ చెమటలు కక్కుతారు. వాళ్ళు ఒక్క చమత్కారపు మాట కూడా అనకూడదు, హంతకులు నిజంగా భయపడితేనే ఇది పండుతుంది. హాస్యపు సంగీతం వద్దని స్క్రిప్టులోనే రాయి. వేలంపాటల గోల, బోటు ఇంజను చప్పుడు చాలు. చివరకు పెట్టె లేవకపోతే ఆమే జాలిపడి ఒక చెయ్యి వేసి ఎత్తిస్తుంది. అప్పుడు ఆమె ముఖంలో అనుమానం చూపించకు, ఆ బరువును మాత్రం చూపించు.

చనిపోయినవాడి నత్తి తీసేసి, సన్నివేశం మొదట్లో అతని చేత ఇంటికి అరకిలో రొయ్యలు కొనిపించు. పెట్టె వెళ్ళిపోయాక ఆ సంచీ జెట్టీ మీదే పడి ఉంటుంది. కాకులు వాలుతాయి. అక్కడ కట్ చెప్పి, తిరగరాసి పంపు.

నీ అన్నయ్య