కలభాషిణా, కళాభాషిణా?

సందేహం: మా మనవరాలికి ‘కలభాషిణి’ అని పేరు పెట్టాం. స్కూల్లో ‘కళాభాషిణి’ అని రాసుకున్నారు. తోటిపిల్లలేమో ‘కలలో మాట్లాడే అమ్మాయి’ అని నవ్వుతున్నారట. ఏది సరైనది?

సమాధానం: మీరు పెట్టిందే. నిద్రలో వచ్చే ‘కల’ అచ్చతెలుగు మాట. ‘భాషిణి’తో దానికి పొత్తు కుదరదు. ఇక్కడున్నది సంస్కృతపు ‘కల’. ‘ధ్వనౌ తు మధురాస్ఫుటే కలః’ అన్నాడు సంస్కృత నిఘంటువు అమరకోశంలో (అమరంలో) అమరసింహుడు. తియ్యగా ఉండి, పూర్తిగా విడమరిచినట్టు వినపడని ధ్వని కల. ‘కలకంఠి కంట కన్నీరొలికిన సిరి యింట నుండనొల్లదు’ అనే సుమతి పద్యంలో ఉన్నదీ ఈ కలే. కలరవంలోనూ ఇదే.

కలభాషిణి అనేది మొదట విశేషణం, తియ్యగా మాట్లాడే ఏ స్త్రీకైనా సరిపోతుంది. దాన్ని ఒక మనిషికి పేరుగా పెట్టి, మనం మరిచిపోలేకుండా చేసినవాడు పింగళి సూరన. 16వ శతాబ్దంలో ఆయన స్వయంగా కల్పించిన కథ కళాపూర్ణోదయం. అందులో ద్వారకలో చెలులతో ఉయ్యాల ఊగుతూ కనిపిస్తుంది కలభాషిణి. మరుజన్మలో ఆమే మధురలాలస. అమరం చెప్పిన అర్థం మరోసారి చూడండి: ‘కల’లోనే ‘మధుర’ ఉంది. పాత పేరులో దాగిన మాటను కొత్త పేరులో పైకి తెచ్చాడు సూరన! కావాలనే చేశాడని రుజువు చూపలేను గానీ, అంతటి శబ్దవేత్త చేతిలో ఇది యాదృచ్ఛికమంటే నా మనసు ఒప్పుకోదు.

తికమకకు మూలం కూడా ఆ కావ్యంలోనే ఉంది. మధురలాలసను పెళ్లాడే కళాపూర్ణుడి పేరులో ఉన్నది ‘కళ’, చంద్రకళల కళ. ఆయనది ళ, ఆమెది ల. ఇప్పుడు ‘కళలు కన్నాను’ అని రాసేవాళ్లకు ఈ తేడా పట్టడం లేదు. ఒక్క అక్షరమే కదా అంటారు. ఆ అక్షరంతోనే అర్థం మారిపోతోంది మరి. ‘భాషిని’ అని రాయడమూ తప్పే, ష తర్వాత ణ రావాలి.

‘కళాభాషిణి’ని పూర్తిగా కొట్టేయలేను. కళల గురించి మాట్లాడేది అని అర్థం చెప్పుకోవచ్చు. కానీ అది సూరన పెట్టిన పేరు కాదు. రికార్డులు మార్చే వీలుంటే ఆ దీర్ఘం తీయించి, ళ బదులు ల వేయించండి.